కతలో వానొచ్చిందా నాయనా?

నా పీహెచ్‌డీ సాగిన అయిదేళ్లలో గైడ్ అడిగిన ప్రశ్నలున్నాయి, సెమినార్లలో పెద్దలు వేసిన ప్రశ్నలున్నాయి, చివర వైవా అనే మౌఖిక పరీక్షలో ఎదురైనవీ ఉన్నాయి. వాటిలో చాలామటుకు మర్చిపోయాను. మా అమ్మ అడిగిన రెండు ప్రశ్నలు మాత్రం ఇంగ్లీషు పాఠం చెప్పినన్నాళ్లూ నా వెంట నడిచాయి. ఆమెకు సంతకం రాదు, వేలిముద్రే. కాలేజీలో నేనేం చెప్తానో, నాకు జీతమెందుకిస్తారో ఆమెకు సరిగ్గా తెలియదు. అయినా నేను రాసిన థీసిస్‌లో పనికొచ్చేది ఏదైనా ఉంటే అది ఆ రెండు ప్రశ్నల్లోంచి పుట్టిందే. ఈ మాట ఆమె ఉన్నప్పుడే రాసి ఉండాల్సింది.

మాది అనంతపురం జిల్లా, తాడిపత్రి వైపు పెన్న ఒడ్డు పల్లె. ఏటి ఒడ్డు అనగానే బయటివాళ్లు పచ్చటి మడులు ఊహించుకుంటారు. మా పెన్నలో ఏడాదికి ఎక్కువ నెలలు కనిపించేది ఇసుకే. ఆ ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీళ్లు చిప్పతో బిందెకెత్తడం మా అక్కల పొద్దుటి పని. జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా పడాల్సినప్పుడు పడదు. నేను పుట్టింది 1953లో. అంతకు ముందటేడు కరువుకు సీమంతా గంజి కేంద్రాలు పెట్టారు. మా ఊళ్లో పెద్దవాళ్లు వయసు లెక్క చెప్పాలంటే "గంజి కరువుకు నాకు మీసాలొచ్చినాయి", "గంజి కరువు నాటికి వీడు కడుపులో ఉండాడు" అనేవాళ్లు. ఆ లెక్కలో నేను కడుపులో ఉన్న బిడ్డను.

ఏబీసీడీలు ఆరో తరగతిలో నేర్చుకున్నవాణ్ణి ఇంగ్లీషు సాహిత్యం వైపు ఎట్లా పోయానని చాలామంది అడిగారు. అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో బీఏ చేరినప్పుడు మా ఇంగ్లీషు లెక్చరర్ ఒకాయన పద్యం చదివే తీరుకు మనసు పోయింది, అంతే. అర్థం సగమైనా తెలిసేది కాదు. ఆ లయ మాత్రం హాస్టల్‌కు నడిచిపోతున్నా చెవిలో మోగుతూనే ఉండేది. 1974లో బీఏ అయింది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో ఎంఏ చేసి, 1977 నాటికి లెక్చరర్‌నయ్యాను.

ఆ ఆర్ట్స్ కాలేజీ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 1916లో మొదలైనప్పుడు దాని పేరు దత్తమండల కళాశాల. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు కాబట్టి దత్తమండలాలన్నారు. ఒకరు ఒకరికి ఇచ్చేసిన నేల అని దానర్థం. 1928లో నంద్యాల సభలో ఆ పేరు తీసేసి 'రాయలసీమ' అనాలని ప్రతిపాదించిన చిలుకూరి నారాయణరావు గారు మా కాలేజీలోనే తెలుగు చెప్పారు. 1937లో 'ఆంధ్ర భాషా చరిత్రము' వెలువరించిన మనిషి. భాషలో పరిశోధన చేసినాయనే నేలకు పేరు పెట్టడం నాకిప్పటికీ గొప్ప సంగతిగా తోస్తుంది. ఆ రాతి గోడల పక్కన నడిచినప్పుడు ఇవేవీ మాకెవరూ చెప్పలేదు. నేను పాఠం చెప్పే రోజుల్లో మొదటి క్లాసులోనే చెప్పేవాణ్ణి.

కొత్తగా చేరిన ఏడాది నాకు పాఠం చెప్పడానికి పాతకాలపు ఇంగ్లీషు కవి చాసర్‌ను ఇచ్చారు. 'కాంటర్‌బరీ టేల్స్' ఉపోద్ఘాతం ఏప్రిల్ జల్లులతో మొదలవుతుంది. మార్చి నెల కరువును ఆ జల్లులు వేరు దాకా తడిపాయని, చెట్లు చిగిర్చాయని, జనానికి యాత్ర పోవాలన్న బుద్ధి పుట్టిందని చెప్తాడు. నేను శ్రద్ధగా వివరిస్తున్నాను. క్లాసు బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. వెనక బెంచీ నుంచి ధర్మవరం వైపు పిల్లవాడు లేచి, "సార్, వాళ్లకు ఒక్క నెల వాన పడకుంటే దానికే కరువంటారా?" అన్నాడు. కొంటెతనంతో అడగలేదు. వాళ్లింట్లో అప్పటికి వరసగా రెండేళ్లు పంట పోయింది.

ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. అక్కడ పన్నెండు నెలలూ ఏదో ఒక జల్లు పడుతూనే ఉంటుందని, మార్చిలో నేల కాస్త ఆరితే విత్తనానికి మంచిదని రైతులనుకుంటారని తర్వాత చదివి చెప్పాను. ఒకే మాట రెండు నేలల్లో రెండు బరువులు తూగుతుందని అప్పుడే తెలిసింది. 'కరువు' అన్న మాట మా క్లాసులో మోసే బరువు చాసర్‌కు తెలియదు, చాసర్ మాటలోని తేలికదనం మాకు తెలియదు. ఆ మధ్యలో నిలబడి పాఠం చెప్పడమే నా ఉద్యోగం.

1983లో పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకున్నాను. అమెరికన్ రచయిత స్టైన్‌బెక్ 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' నవల తీసుకున్నాను. 1939లో వచ్చిన పుస్తకమది. మరుసటేడు పులిట్జర్ వచ్చింది, 1962లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఓక్లహోమాలో భూమి పోగొట్టుకున్న జోడ్ కుటుంబం పాత ట్రక్కులో సామాను కట్టుకొని, 66వ నంబరు రోడ్డు పట్టి, పని కోసం కాలిఫోర్నియాకు వలస పోవడం కథ. మొత్తం 30 అధ్యాయాలు. వాటిలో దాదాపు సగం జోడ్ల కథ కాదు. ఆ దుమ్ము, ఆ రోడ్డు, ఆ బ్యాంకులు, పేరులేని జనం మాటలు ఆ అధ్యాయాల్లో ఉంటాయి. మొదట్లో నా పరిశోధన ఆ కట్టడం మీదే. ఏ అధ్యాయం పక్కన ఏది పెట్టాడు, ఎందుకు పెట్టాడు అని పట్టికలు గీసుకునేవాణ్ణి. గైడ్ గారికి నచ్చింది. నాకు మాత్రం అందులో ప్రాణం లేదనిపించేది.

ఆ కాలంలో అమెరికన్ సాహిత్యం మీద పనిచేసేవాళ్లందరికీ పుణ్యక్షేత్రం లాంటిది హైదరాబాదులో ఉస్మానియా క్యాంపస్‌లోని అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్. 1964లో పెట్టారు. గ్రాంటు వస్తే అక్కడే బస, అక్కడే చదువు. అనంతపురం నుంచి రాత్రంతా బస్సులో పోయి, పొద్దున కాటలాగు సొరుగులు లాగి చూసినప్పుడు, స్టైన్‌బెక్ పేరు కింద అన్ని కార్డులుంటాయని నేననుకోలేదు. మా ఊళ్లో ఒక పుస్తకం కోసం ఆరు నెలలు ఉత్తరాలు రాసేవాణ్ణి. అక్కడ సాయంత్రానికి ఇరవై పుస్తకాలు బల్ల మీద ఉండేవి. నోట్సు కార్డుల మీద రాసుకోవడం అక్కడే అలవాటైంది. కార్డుకొక సంగతి. పైన మూలలో ఎక్కడిది, ఎవరిది అని. ఆ కార్డులన్నీ బాటా చెప్పుల డబ్బాలో పెట్టుకొని ఊరికి తెచ్చుకునేవాణ్ణి.

అక్కడ దొరికిన రెండు సంగతులు నన్ను కుదిపాయి. ఒకటి, నవల రాయకముందు 1936లోనే స్టైన్‌బెక్ ఒక శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికకు ఈ వలస కూలీల మీద ఏడు వ్యాసాలు రాశాడు. క్యాంపులు తిరిగాడు. రెండోది, ఆ క్యాంపుల్లో ఒకదాన్ని నడిపిన టామ్ కాలిన్స్ అనే ఉద్యోగి కూలీల మాటలు, పాటలు, వాళ్ల తిండి, జబ్బులు అన్నీ రిపోర్టుల్లో రాసిపెట్టేవాడు. ఆ రిపోర్టులు స్టైన్‌బెక్‌కు అందాయి. పుస్తకాన్ని అంకితమిచ్చిన ఇద్దరిలో ఒకరు భార్య కారొల్, రెండో ఆయన ఈ టామ్. ఈ రెండోది ఒక కార్డు మీద రాసుకొని డబ్బాలో పెట్టేశాను. దాని విలువ అప్పుడు తెలియలేదు.

1985 జూన్. కాలేజీ ఇంకా తెరవలేదు. ఊరికొచ్చాను. విత్తనాల కాలం. ఇంట్లో శెనక్కాయ బస్తాలు విప్పి ఒలుస్తున్నారు. విత్తనం కాయను మిషన్‌కు వేయరు, చేత్తోనే ఒలవాలి. కాయ మూతి బొటనవేలితో నొక్కితే టప్పున విచ్చుకుంటుంది. లోపలి పప్పు మీది ఎర్ర తోలు చిట్లకూడదు. "తోలూడిందంటే మొలవదు, అది పక్కకెయ్యి" అని అమ్మ నాకు చిన్నప్పటి నుంచీ చెప్తున్న మాటే. రోజంతా ఒలిస్తే వేలి కొస వాచి, గోరు కింద రక్తం ఊరుతుంది. అమ్మ బొటనవేలికి పాత చీర పేలిక చుట్టుకొనేది. పేలిక చుట్టిన వేలితోనే ఒలిచేది. వాకిట్లో బల్బు కింద ఆమె ముందర కాయలు, పక్కన గంపలో పప్పు, ఇంకో పక్క పొట్టు. నేను నులకమంచం మీద పుస్తకం పట్టుకొని ఉన్నాను.

"అంతసేపు ఏం సదువుతాండావురా దాంట్లో?"

"కరువు కత మా."

"యా ఊరిది?"

"అమెరికాది."

"ఆడ గూడ కరువుంటాదా?"

పుస్తకం మడిచి చెప్పడం మొదలుపెట్టాను. క్లాసులో చెప్పేట్టు కాదు, మా ఊరి మాటల్లో. మొదటి అధ్యాయంలో కథ ఇంకా మొదలు కాదు. జొన్న ఎండిపోతుంది. అక్కడ మొక్కజొన్న, నేను జొన్న అన్నాను. గాలి లేస్తుంది. దుమ్ము సూర్యుణ్ణి కమ్మేస్తుంది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కుకుంటారు. దుమ్ము అణిగాక మగవాళ్లు బయటికొచ్చి పాడైన పైరు చూస్తారు. ఆడవాళ్లు వాళ్ల పక్కకొచ్చి నిలబడి, పైరును చూడరు, మగవాళ్ల ముఖాలు చూస్తారు. ఈ మగవాళ్లు విరిగిపోతారా నిలబడతారా అని. తర్వాత మగవాళ్లు గడపల్లో కూర్చుంటారు. చేతుల్లో పుల్లలు, గులకరాళ్లు. ఆలోచిస్తూ ఉండిపోతారు.

అమ్మ చేయి ఆగింది. కాయ వేళ్ల మధ్యనే ఉంది.

"ఎవురు జెప్పినార్రా ఆయప్పకు ఇదంతా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. రాసినాయన ఊహించి రాశాడని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఊహించుకునేది కాదది. మీ నాయన అంతే. గంజి కరువప్పుడు గడప కాడ గొంతుక్కూచ్చోని పుల్లతో మన్ను గీసేవాడు, గీసి చెరిపేవాడు. నేను పొయ్యి కాన్నుంచి ఆయప్ప మొగమే సూసేదాన్ని. సూసేది తెలీకుండ సూడల్ల. తెలిస్తే ఇంగా కుంగిపోతారు. ఇది ఆడోళ్లకు తప్ప తెలీదు. ఎవురో ఆడమనిసి చెప్పింటాది."

లేచి లోపలికి పోయి, చెప్పుల డబ్బాలోంచి ఒక ఖాళీ కార్డు తీసి, ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాను. ఎందుకు రాశానో ఆ క్షణాన నాకూ తెలియదు. అలవాటు కొద్దీ పై మూలలో ఎవరిది అన్న చోట 'అమ్మ' అని రాశాను.

అట్లా రోజుకింత చొప్పున ఎనిమిదో తొమ్మిదో సాయంత్రాలు కథ సాగింది. పక్కింటి పిన్నమ్మ, ఆమె కోడలు కూడా తమ కాయల గంపలు తెచ్చుకొని మా వాకిట్లోనే కూర్చునేవాళ్లు. ట్రక్కు చెడిపోతే ఉసూరుమనేవాళ్లు. ఊరు విడిచి రానని మొండికేసిన ముసలాయనకు కాఫీలో మందు కలిపి నిద్రపుచ్చి బండెక్కించారని చెబితే అమ్మకు కోపమొచ్చింది. ఆయన దారిలోనే చచ్చిపోతే, ఎవరో చంపి పూడ్చారనుకోకుండా ఒక చీటీ రాసి సీసాలో పెట్టి శవంతో పాటే పాతిపెట్టారని చెబితే చాలాసేపు మాట్లాడలేదు. "సొంత మన్ను దొరకలా" అంది చివరికి.

జోడ్ల తల్లి అంటే అందరికీ ప్రాణం. ఆమె ఏం వండిందో ప్రతి పూటా చెప్పాలి. నవలలో ఆ వివరాలున్నాయని, వాటిని నేను ఎప్పుడూ దాటేసి చదివానని అప్పుడు గమనించాను. పట్టికల్లో నేను లెక్కపెట్టిన అధ్యాయాల్లో ఉడికిన తిండి ఒక్కసారీ నా కంటికి కనబడలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అమ్మ రెండో ప్రశ్న అడిగింది. "పోతానే ఉండారు, పోతానే ఉండారు. ఈ కతలో యాడన్నా వానొచ్చిందా నాయనా?"

"చివర్లో వస్తాది మా. పత్తి ఏరేది అయిపోయినాక. కూలి లేకుండా పోయినాక. రోజుల తరబడి ఇడవకుండా కురిసి వరదై వస్తాది."

"అట్లనే వస్తాది. మనకు గూడ కాయ పీకి కుప్పేసినాంకనే గదా వచ్చేది."

అంతే అంది. అమెరికన్ విమర్శకులు ఆ వరదను బైబిల్‌తో పోల్చి రాసిన వ్యాసాలు నా దగ్గర బోలెడున్నాయి. అవి తప్పని అనను. కానీ ఎండు ధూళితో మొదలై వరదతో ముగిసే ఆ నవలలో వాన రావడం శుభం కాదని, అదను తెలియని వాన పంట పండించదని, రైతు ఇంటివాళ్లు ఆ పేజీలను ఎట్లా చదువుతారో ఆ వ్యాసాల్లో ఎక్కడా లేదు.

ఆఖరి ఘట్టం చెప్పడానికి సంకోచించి, వరద దగ్గరే ఆపేశాను. మర్నాడు ఆమే కడుపుతో ఉన్న జోడ్ల కూతురి గురించి అడిగింది. "ఆ నీళ్లోసుకున్న పిల్ల సంగతి ఏమాయె?" అప్పుడు చెప్పాల్సొచ్చింది. బిడ్డ చచ్చి పుట్టిందని, వానలో ఒక కొట్టంలో తలదాచుకుంటే అక్కడ ఆకలికి చావబోతున్న ముక్కూ మొహం తెలియని మనిషి ఉన్నాడని, ఆ పిల్ల తన పాలు ఆయనకిచ్చిందని. పుస్తకం అచ్చు కాకముందు ప్రచురణకర్త ఈ ముగింపు మార్చమన్నాడు, స్టైన్‌బెక్ మార్చనన్నాడు. వచ్చాక కాలిఫోర్నియాలో కెర్న్ కౌంటీ వాళ్లు పుస్తకాన్ని నిషేధించారు. ఇవన్నీ చదివినవాణ్ణి కాబట్టి అమ్మ ఏమంటుందోనని బెదిరాను.

ఆమె నాలుగైదు కాయలు ఒలిచింది. తర్వాత తల ఎత్తకుండానే చెప్పింది. గంజి కేంద్రం దగ్గర వరసలో నిలబడినప్పుడు ఒక తల్లికి పాలు ఇంకిపోయి బిడ్డ ఏడ్చే ఓపిక కూడా లేకుండా ఉంటే, మా పెద్దమ్మ తన బిడ్డను కింద పండబెట్టి ఆ బిడ్డకు పాలిచ్చిందట. ఆ తల్లి ఏ ఊరిదో, ఏ కులమో ఎవరూ అడగలేదట. "మళ్లా ఆ మాట ఎవురూ ఎత్తలా" అంది. పెద్దమ్మ అప్పటికి పోయి పదేళ్లు. ఆమె చేతి ముద్ద తిని పెరిగినవాణ్ణి, ఆ సంగతి నాకు తెలియదు. ఆ రాత్రి రెండు కార్డులు నిండాయి.

తర్వాత థీసిస్ రూపమే మారిపోయింది. మా జిల్లాలో తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం 1956లో 'పెన్నేటి పాట' కావ్యం వేశారు. ఎండిన పెన్న, ఆ ఒడ్డున బతకలేక బతికే మనుషులు. చిన్నప్పటి నుంచి తెలిసిన పుస్తకమే. స్టైన్‌బెక్ పక్కన పెట్టి చదవొచ్చని మాత్రం తోచలేదు. రెండూ పక్కపక్కన పెట్టగానే ఒక సంగతి కళ్లకు కట్టింది. జోడ్లకు ట్రక్కుంది, ముందు రోడ్డుంది, మోసమైనా సరే పశ్చిమాన ఒక ఆశ ఉంది. కాబట్టి ఆ నవల నడుస్తుంది. విశ్వం మనుషులు కదలరు. అక్కడ కదిలిపోయింది నది. నది పోయినచోట మిగిలిన మనుషుల పాట అది. ఒకటి రోడ్డు లయలో సాగితే, రెండోది ఏటి ఇసుకలో కాలు దిగబడిన లయలో సాగుతుంది. ఇది చెప్పడానికి ఒక అధ్యాయం పట్టింది. నేను రాసిన అన్నింట్లో నాకు తృప్తినిచ్చిన పేజీలవే.

కరువుకు కారణాలు వెతకడం ఇంకో అధ్యాయం. ఓక్లహోమా పశ్చిమాన, ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లో గడ్డి నేలలను ట్రాక్టర్లతో దున్ని గోధుమ వేశారు. గడ్డి వేళ్లు పట్టి ఉంచిన మన్ను వదులైంది. 1930ల్లో వానలు తప్పగానే ఆ మన్నంతా గాలికి లేచింది. 1935 ఏప్రిల్ 14న లేచిన దుమ్ము తుఫానును అక్కడివాళ్లు 'నల్ల ఆదివారం' అన్నారు. మా దగ్గర కొర్ర, సజ్జ, జొన్న, కంది కలిసి పండిన చేలల్లో శెనక్కాయ ఒక్కటే మిగిలింది. వాన తప్పితే ఇంట్లో తినడానికి గింజ కూడా ఉండదు. రెండు చోట్లా ఒకే పంటను నమ్ముకోవడం ఉంది, అప్పు ఉంది.

ఇక్కడ ఒక పొరపాటు నుంచి కూడా తప్పించుకున్నాను. మ్యాపు తీసి చూస్తే జోడ్ల ఊరు సాలిసా ఓక్లహోమా తూర్పు అంచున ఉంది. ఆ దుమ్ము తుఫాన్ల ప్రాంతం పశ్చిమాన చాలా దూరం. తూర్పు వైపు పత్తి కౌలుదార్లను నేల మీంచి లేపింది ముఖ్యంగా ట్రాక్టర్లు, పడిపోయిన ధరలు. నవల రెంటినీ ఒకచోటికి తెచ్చింది. పండితులు ఈ సంగతి ముందే పట్టుకున్నారు. నేనుగా మ్యాపు మీద వేలు పెట్టి కనుక్కున్న రోజు మాత్రం నాకు పండగే. అప్పటి నుంచి నా దగ్గర చేరిన ప్రతి స్కాలర్‌తో మొదట మ్యాపు కొనిపించాను.

వైవా 1988లో జరిగింది. ఒక పెద్దాయన థీసిస్ చివరి పేజీలు తిప్పి, ఆధారాల జాబితాలో అమ్మ పేరుండటం చూసి, "ఇంగ్లీషు పరిశోధనలో చదువురాని ఆమె మాట ప్రమాణం ఎట్లా అవుతుంది? తెలుగు కావ్యానికి ఇక్కడేం పని?" అని గట్టిగానే అడిగారు. గది నిశ్శబ్దమైపోయింది. నాకు చెమటలు పట్టాయి. అప్పుడు అమ్మ మాటే గుర్తొచ్చింది. ఎవురు జెప్పినార్రా ఆయప్పకు? టామ్ కాలిన్స్ కార్డు గుర్తొచ్చింది.

స్టైన్‌బెక్‌కు ఆ పేజీలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాను. ఆయన క్యాంపులు తిరిగిన సంగతి, క్యాంపు రిపోర్టుల్లో రాసిపెట్టిన చదువురాని మనుషుల మాటలు, అంకితంలో టామ్ పేరు. "ఆ నవలకు ప్రమాణమైనవాళ్లే దాని మీద పరిశోధనకు ప్రమాణం కాకుండా పోతారా సార్?" అని ముగించాను. ఆయన ఇంకేమీ అడగలేదు. డిగ్రీ వచ్చింది. అయితే అమ్మ పేరును జాబితాలోంచి తీసి కృతజ్ఞతల పేజీలో పెట్టమన్నారు. పెట్టాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత కొన్నేళ్లకు మౌఖిక చరిత్ర అన్నది అన్ని విశ్వవిద్యాలయాల్లో గౌరవమైన పద్ధతైంది. మా స్కాలర్లు వాళ్ల అవ్వల పేర్లు, ఊళ్లు, మాట్లాడిన తేదీలు ఆధారాల్లో రాస్తుంటే నేను ప్రతిసారీ ఆ పేజీ దగ్గర కాసేపు ఆగేవాణ్ణి.

స్కాలర్లను ప్రతి బ్యాచ్‌లో ఒకసారి కడపకు తీసుకుపోయేవాణ్ణి. బ్రౌన్ లైబ్రరీకి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చినప్పుడు ఆయనకు తెలుగు సరిగ్గా రాదు. తర్వాత అదే ఊళ్లో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి, పల్లెపల్లెకూ మనుషులను పంపి తాటాకు ప్రతులు తెప్పించాడు. ఒకే కావ్యానికి నాలుగైదు ప్రతులు పక్కపక్కన పెట్టి పాఠాలు పోల్చి, శుద్ధప్రతి రాయించాడు. 1829లో వేమన పద్యాలు 693 ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1852లో నిఘంటువు. 1854లో మిశ్రభాషా నిఘంటువు. కచేరీల్లో, సంతల్లో జనం వాడే మాటలు, ఉర్దూ నుంచి ఇంగ్లీషు నుంచి వచ్చి కలిసినవి, పండితులు ముట్టని మాటలు అందులో చేర్చాడు. ఆ బంగళా కాలక్రమంలో మొండిగోడలైంది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి, చందాలడిగి, ఆ స్థలంలోనే లైబ్రరీ లేపారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రం.

అక్కడ పిల్లలతో అనేవాణ్ణి: పాఠ పరిష్కరణ గురించి మీరు ఇంగ్లీషు పుస్తకాల్లో చదువుతున్నారు, అది మీ బస్సు ఆగిన ఈ ఊళ్లోనే జరిగింది. కదిరి వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చేది. తల్లిదండ్రులు బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయారు, అవ్వ దగ్గర పెరిగింది. క్లాసులో నోరు విప్పేది కాదు. బ్రౌన్ నిఘంటువు తిరగేస్తూ వాళ్ల అవ్వ వాడే మాట ఒకటి అచ్చులో చూసి, "సార్, ఇది తప్పు మాట అని బళ్లో కొట్టినారు సార్ నన్ను" అంది. కళ్లలో నీళ్లు. తర్వాత ఎంఫిల్‌కు వలస కుటుంబాల పాటలు తీసుకొని, ఇంగ్లీషులోకి తెచ్చి చాలా మంచి పని చేసింది.

ఉద్యోగంలో మిగిలిన సంగతులు చెప్పేందుకు పెద్దగా లేవు. ప్రమోషన్లు వచ్చాయి, కమిటీలు వచ్చాయి, 2013లో రిటైరయ్యాను. నేను చేరిన కొత్తలో ఎంఏ క్లాసులో కూర్చోడానికి బెంచీలు చాలేవి కావు. పోయే నాటికి ముందు రెండు వరసలే నిండేవి. ఆ రెండు వరసల పిల్లలకు మాత్రం ఏ లోటూ చేయలేదన్న తృప్తి ఉంది. అమ్మ 1999లో పోయింది. పోయేముందు వేసవిలో కూడా "ఆ ట్రక్కోళ్ల కత ఇంగొకసారి చెప్పు" అని అడిగింది. చెప్పాను. అప్పటికి ఆమె ఒలవడం మానేసింది, వేళ్లు వంగిపోయి ముడుచుకునేవి కావు. వింటూ వింటూ ఒట్టి చేతి బొటనవేలిని చూపుడు వేలి మీద నొక్కుతూనే ఉండేది.

ఈ రెండేళ్లుగా, అచ్చు కోసం కాదు, నా కోసమే, ఆ నవలలో కొన్ని అధ్యాయాలు మా సీమ తెలుగులో రాసుకుంటున్నాను. అయిదో అధ్యాయంలో భూమి యజమానుల మనుషులు కారు దిగకుండానే మాట్లాడుతుంటారు. కౌలు రైతులు ఆ కారు పక్కన మడమల మీద కూర్చొని, ధూళిలో పుల్లతో గీతలు గీస్తూ వింటారు. ఆ కూర్చోవడానికి ఇంగ్లీషులో ఒక్క మాటే ఉంది. నాకు పది రోజులు తెలుగు మాట కుదరలేదు. 'చతికిలబడి' అంటే నేలకు ఆనినట్టవుతుంది. 'కుదేలై' అంటే ఓడిపోయినట్టవుతుంది. వాళ్లింకా ఓడిపోలేదు, అప్పుడే కూర్చున్నారు. చివరికి 'మడమల మీద కూర్చొని' అని ఏదో రాసి కొట్టేశాను.

నిన్న పొద్దున ఇంకేదో వెతుకుతూ అటక మీంచి ఆ చెప్పుల డబ్బా దించాను. కార్డులు పసుపు పట్టాయి, సిరా గోధుమ రంగుకు తిరిగింది. పై మూలలో 'అమ్మ' అని ఉన్న కార్డు తీసి చదివాను. 'గడప కాడ గొంతుక్కూచ్చోని పుల్లతో మన్ను గీసేవాడు.'

బల్ల దగ్గరికి పోయి, కొట్టేసిన చోట ఆ మాట రాశాను.